తొలికాయల బుట్ట

మా చెల్లెలు ఏంజెలిన్ ఏం పని చేస్తుందని ఎవరడిగినా మా నాయన చాలా ఏళ్ళు ఒకటే జవాబు చెప్పాడు. "రీసెర్చి." ఎందులో అని ఇంకా కదిలిస్తే గొంతు తగ్గించి "ఈగల్లో" అనేవాడు. మారికుప్పం గని కూలీల ఇళ్ళ లైన్లలో ఆ మాట దాగుతుందా? "సెబాస్టియన్ కూతురు బెంగుళూరు పోయి ఈగలు తోల్తా ఉండాదంట" అని కొళాయి దగ్గర నవ్వుకునేవాళ్ళు. నేను కనిపిస్తే మాత్రం బిందెల వైపు చూసేవాళ్ళు. నా నోరు ఎలాంటిదో ఆ లైనుకంతా తెలుసు.

నా పేరు సెలీన్. ఏంజెలిన్‌కి అక్కని. బెంగుళూరు కంటోన్మెంటు దగ్గర ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాను. ఇద్దరం ఏళ్ళ తరబడి తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి, ఒకే సీటులో ఒకరి భుజం మీద ఒకరు తూగుతూ పోయినవాళ్ళం. ఈ సంగతి రాస్తానంటే ఏంజెలిన్ "కొంచెం శాంతంగా రాయక్కా" అంది. నాకు చేతకాదని చెప్పాను.

మా కేజీఎఫ్ బంగారు గని మూసేనాటికి ఏంజెలిన్ చిన్న బడిపిల్ల. నాయన చాంపియన్ రీఫ్ షాఫ్టులో దిగి పని చేసిన మనిషి. మూసేశాక ఆయన వయసువాళ్ళంతా బెంగుళూరు గేట్ల దగ్గర వాచ్‌మన్లయ్యారు. నాయన కూడా కొన్నాళ్ళు అదే చేసి, ఊపిరి ఆడక మానేశాడు. తర్వాత ప్రతి ఎండాకాలం కురుడుమలె దారిలో మునిశామప్ప మామిడితోటకి కాపలా పోయేవాడు. కూలితో పాటు తోటలో మొదట పండిన కాయలు ఒక బుట్టెడు ఇస్తాడు మునిశామప్ప. ఈ కథంతా ఆ బుట్ట మీదే నడిచింది.

మా లైన్లలో ఒక అలవాటు ఉండేది. సీజన్లో తొలికాయలు ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. కడిగి, తుడిచి, కొత్త తువ్వాలు కప్పి, మైన్ క్యాప్టెన్ బంగళాకి తీసుకుపోవాలి. మగవాడిని ఏ మట్టంలో దించాలి, మంచి గ్యాంగులో వేయాలా, కూలే చోట వేయాలా అన్నది ఆ క్యాప్టెన్ నోట్లో మాట. అందుకని కాయలు. చిన్నప్పుడు నేనూ నాయన వెంట పోయాను. బంగళా మెట్ల కింద చెప్పులు విప్పి నిలబడితే లోపలి నుంచి పనిమనిషి వచ్చి బుట్ట పుచ్చుకుపోయేది. ఒక్కసారి కూడా ఆ క్యాప్టెన్ బయటికొచ్చి మొహం చూపించలేదు. నాయన మాత్రం మూసిన తలుపుకి దండం పెట్టి తిరిగొచ్చేవాడు. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఏంజెలిన్ కేజీఎఫ్‌లోనే బీఎస్సీ చేసి, బెంగుళూరులో ఎమ్మెస్సీ చేసి, పరీక్ష రాసి ఒక పెద్ద పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరింది. దాని పేరు రాయను. అక్కడ ఆమె గురువు తెలుగాయన. కోస్తా వైపు మనిషి, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. ఆయన పేరు కూడా రాయను. రాస్తే నా నోరు ఇంకా పెరుగుతుంది. మేము ఇంట్లో ఆయన్ని సారు అనేవాళ్ళం.

ఏంజెలిన్ పని గురించి రైల్లో నాకు చెప్పేది. మొదట్లో నాకూ ఎగతాళిగానే ఉండేది. అరటిపండు మగ్గితే ముసిరే ఆ చిన్న ఈగలు, అవే. సీసాల్లో మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు ఉడకబెట్టి పోసి పెంచుతారు. ఇంటికొచ్చినా ఆమె జుట్టులో ఆ పులిసిన బెల్లం వాసన పోయేది కాదు.

"ఈగ గుడ్డు పెట్టినాక రెండు మూడు గంటల్లోనే తల యాడ, తోక యాడ అనేది తేలిపోతాదక్కా. అన్ని కణాల్లోనూ జన్యువులు అవే. అయినా తల పక్క కొన్ని మేలుకుంటాయి, తోక పక్క వేరేవి. లేపేది ఎవురు?"

"ఎవురు?"

"కొన్ని ప్రొటీన్లు. అవి వచ్చి డీఎన్‌ఏ పోగు మీద ఒక్కోచోట కూర్చుంటాయి. పక్కనుండే జన్యువుని లేపుతాయి, లేదంటే నోరు మూయిస్తాయి. మా ల్యాబులో అట్లాంటి ఒక ప్రొటీన్ ఉండాది. అది యాడెక్కడ కూర్చుంటాదో నేను చూడాల."

చూసే పద్ధతి కూడా చెప్పింది. చిన్న చిన్న గుడ్లని ఫార్మలిన్ కలిపిన నీళ్ళలో ముంచితే ప్రొటీన్ ఎక్కడ కూర్చుందో అక్కడే అతుక్కుపోతుంది. పోగుని ముక్కలు చేసి, ఆ ప్రొటీన్‌ని పట్టి లాగితే దాని కింద ఉన్న డీఎన్‌ఏ ముక్క కూడా వెంట వస్తుంది. ముక్కలన్నీ చదివితే ఎక్కడెక్కడ కూర్చుందో లెక్క దొరుకుతుంది. నేను రోజూ రక్తంతో కుస్తీ పట్టేదాన్ని కాబట్టి కొంత అర్థమయ్యేది, మిగతాది బంగారుపేట వచ్చేలోపు నిద్రలో పోయేది.

సారుకి ఆ ప్రొటీన్ మీద ఒక పెద్ద ఆశ. అది వేలకొద్దీ చోట్ల కూర్చుంటుందని ముందే కొంత తెలుసు. కూర్చున్న ప్రతి చోటా పక్క జన్యువుని అదే నడుపుతోందని ఆయన నమ్మకం. వేల జన్యువుల్ని ఏలే ఒకే ప్రొటీన్. దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చి, అది నిజమైపోయినట్టే చెప్పుకుని వచ్చాడు. నిజం చేసి పెట్టే పని మా ఏంజెలిన్ నెత్తిన పడింది.

ఆమె చేరిన రెండో ఎండాకాలం మా నాయన ఎవరికీ చెప్పకుండా ఒక శుక్రవారం బుట్టెత్తుకుని రైలెక్కాడు.

ఇందులో ఆయన తప్పేముందని నన్నడిగితే, ఉంది. గని మూతపడినా ఆయన మనసులో క్యాప్టెన్ బంగళా మూతపడలేదు. కూతురు ఒకడి చేతి కింద పని చేస్తోందంటే ఆ ఒకడికి తొలికాయలు పోవాలి. అంతే లెక్క. అడ్రసు అడుక్కుంటూ ఆ సంస్థకి పోయాడు. ఆ రోజు ఏంజెలిన్ వేరే భవనంలో మైక్రోస్కోపు దగ్గర ఉంది. నాయన ల్యాబు తలుపు దాకా వెళ్ళాడు. తలుపు మీద బోర్డు ఉంది, పళ్ళు లోపలికి తేవద్దని, ఇంగ్లీషులో. నాయన తెలుగు బైబిలు చదువుతాడు. అరవం, కన్నడం, తెలుగు మూడూ గడగడా మాట్లాడతాడు. ఇంగ్లీషు అక్షరం రాదు.

సారు బయటికొచ్చాడు. ఈ క్యాప్టెన్ మొహం చూపించాడని నాయన ఎంత మురిసిపోయాడో. పైగా తెలుగులో మాట్లాడాడు. "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అంటూనే బుట్ట అందుకుని, తువ్వాలు తీసి, ఈగల గది పక్కనే ఉన్న టీ గదిలో బల్ల మీద పెట్టించాడు. అక్కడే నిలబడి ఒక బాదామి రకం మామిడిపండు కోయించుకుని తిన్నాడు. ఇంటికి కొన్ని తీసుకుపోయాడు. మిగతావి అలాగే వదిలేశాడు. శనివారం, ఆదివారం మూసిన గదిలో ఆ పళ్ళు మగ్గాయి.

ఇంగ్లీషు బోర్డు రాయించినవాడు ఆయన. పళ్ళ మీద బయటి ఈగలు వస్తాయని, అవి సీసాల్లో దూరితే పెంచుకున్న జాతి పాడవుతుందని తరగతిలో పాఠం చెప్పేవాడు ఆయన. బుట్ట విప్పించి పెట్టింది కూడా ఆయనే. ఇది గుర్తుపెట్టుకోండి.

సోమవారం ఏంజెలిన్ వెళ్ళి చూస్తే ఒక సీసాలో ఎర్రకళ్ళ ఈగలు కనిపించాయి. వాళ్ళు పెంచే జాతి తెల్లకళ్ళది. బయటి మగ ఈగ దూరితే పుట్టే ఆడపిల్లలకి ఎర్రకళ్ళు వస్తాయి కాబట్టి దొంగ దొరికిపోతుంది. అయితే పిల్లలు పుట్టి పెద్దవడానికి రోజులు పడుతుంది. సోమవారం కనిపించినవి నేరుగా టీ గది నుంచి వచ్చినవే. ఆమె ఆ ఒక్క సీసానే కాదు, ఆ గదిలో తన సీసాలన్నీ పారేసింది. అరలు కడిగింది. వేరే భవనంలో చల్లటి పెట్టెలో దాచిన అదే జాతి ఈగల్ని తెచ్చి మళ్ళీ మొదటి నుంచి పెంచింది. సారుకి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన నవ్వి "మీ నాన్నగారి పళ్ళు మాత్రం చాలా తీయగా ఉన్నాయమ్మా" అన్నాడట.

ఆమెకి నెలలు వెనక్కిపోయాయి. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. నాయన బాధపడతాడని. రోజూ పక్కన కూర్చుని రైల్లో వచ్చే నాకు కూడా చెప్పలేదు. మా ఇంట్లో ఇదో జబ్బు. నొప్పి ఉన్నవాళ్ళు మూసుకుని ఉంటారు, కలిగించినవాళ్ళు పండు తింటారు.

మరో రెండేళ్ళకి లెక్క తేలింది. ఆ రోజు ఏంజెలిన్ రైల్లో నిద్రపోలేదు. చేతులు ఊపుతూ మాట్లాడింది. ఎదుటి సీటు ఆవిడ భయపడి జరిగి కూర్చుంది.

"వేల చోట్ల కూర్చోవడం నిజమే అక్కా. కానీ అన్ని చోట్లా ఒకే రకంగా కాదు. కొన్నిచోట్ల గుంపుగా, గట్టిగా. చానా చోట్ల ఊరికే పల్చగా. గట్టిగా కూర్చున్న చోట పక్క జన్యువు ఆ వేళకి మేలుకుంటా ఉండాది. పల్చగా ఉండే చోట ఏమీ లేదు. కొన్ని జన్యువులు నిద్రలోనే ఉండాయి. కొన్ని ఇది వచ్చినా రాకపోయినా పని చేసేటివి."

"మరి ఆడ ఎందుకు కూర్చోవడం?"

"తలుపు తీసుండే ఇంట్లోకి పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు తొంగి చూడరా, అట్లా. పోగు ఆడ తెరుచుకోని ఉండాది, ఇది వచ్చి వాలింది. అంతే."

"ఊరికే అంటా ఉండావా, రుజువు ఉందా?"

ఉంది. ఆ ప్రొటీనే తయారుకాని గుడ్లు తీసుకుని చూసింది. గట్టిగా కూర్చునే చోట్ల పక్కనున్న జన్యువులు తారుమారయ్యాయి. మేలుకోవలసినవి మేలుకోలేదు. పల్చని చోట్ల పక్కవి ఏమీ పట్టనట్టు ఎప్పటిలాగే ఉన్నాయి. అది లేకపోయినా వాటికి లోటు లేదు. అంటే వేల జన్యువుల్ని ఏలడం లేదు, ఏలేది కొన్ని వందల్నే. మిగతాదంతా సారు ఉపన్యాసం.

ఆమె ఆ లెక్క చూపించిన రోజు నుంచి ఆయనకి మామిడిపళ్ళు గుర్తుకొచ్చాయి.

ముందు మళ్ళీ చేయమన్నాడు. చేసింది, అదే వచ్చింది. ఇంకోసారి చేయమన్నాడు. అదే వచ్చింది. అప్పుడు, ఆమె పనిని పరీక్షించే కమిటీ ముందు, నలుగురు పెద్దమనుషులు కూర్చున్న గదిలో, చాలా విచారంగా మొహం పెట్టి చెప్పాడట. ఈ అమ్మాయి ఈగల జాతి ఒకప్పుడు కల్తీ అయింది, ఇంటి నుంచి పళ్ళు తెచ్చారు, పల్లెటూరి మనుషులు, వాళ్ళకి తెలియదు, అందువల్ల ఈ ఫలితాన్ని నమ్మలేం. కల్తీ వల్ల పల్చని చోట్లు అలా కనిపిస్తున్నాయి అన్నాడు. ఆ సీసాలు పారేశానని, కొత్త జాతితో మొదలుపెట్టానని, రోజూ కళ్ళ రంగు చూస్తూనే ఉన్నానని ఆమె చెప్పబోతే "తర్వాత మాట్లాడదాం" అన్నాడు. తర్వాత మాట్లాడింది ఇది. తన ఇంటివాళ్ళు తెచ్చిన పళ్ళ వల్ల జాతి పాడైందని, ఈ భాగాన్ని వదిలేస్తున్నానని నివేదికలో ఒక వాక్యం రాస్తే చాలు, మిగతా పనితో డిగ్రీ వచ్చేస్తుంది. రాయకపోతే ఆయన సంతకం పెట్టడు.

ఆ రాత్రి ఇంట్లో ఆమె మొదటిసారి అంతా చెప్పింది. నేను పళ్ళెం గోడకేసి కొట్టాను. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. నాయన మాత్రం గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నా వల్లనా?" అన్నాడు.

"నీ వల్ల కాదు నాయనా, విప్పి పెట్టింది ఆయన."

"తీసుకపోయింది నేనే కదమ్మా."

నేను ఊరుకోలేదు. "అవును, నువ్వే. ఎవురు అడిగినారు నిన్ను? షాఫ్టు మూసి ఇన్నేళ్ళయింది, నీ నడుం మాత్రం ఇంగా వంగే ఉండాది" అన్నాను. ఏంజెలిన్ నన్ను ఆపింది. ఆ మాట ఇప్పుడు అడిగినా నేను మళ్ళీ అంటాను.

నాయన తెల్లారే తోటకి పోయాడు. రెండు రోజులు తోటలోనే ఉన్నాడు. ఆ వారం కాయలు పండాయి.

సోమవారం మేమిద్దరం స్టేషనుకి పోతే ప్లాట్‌ఫారం చివర నాయన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, చర్చికి వేసుకునేది. కాళ్ళ దగ్గర బుట్ట, పైన కొత్త తువ్వాలు.

"యాడికి నాయనా?" అంది ఏంజెలిన్.

"సారు దగ్గరికి. నేను చెప్తాను. తప్పు నాదే, బిడ్డని క్షమించండి అని అడుగుతాను. తెలుగాయన, అర్థం చేసుకుంటాడు."

నేను నెత్తి బాదుకున్నాను. ఈగల ల్యాబుకి పళ్ళు తీసుకుపోయి తప్పైందని, క్షమాపణ చెప్పుకోడానికి మళ్ళీ పళ్ళు. ప్రపంచంలో ఇంకెవరికైనా ఈ ఆలోచన వస్తుందా? మా లైన్లలో పుట్టినవాళ్ళకే వస్తుంది. రైలు వచ్చింది. దిగమంటే దిగడు, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

చాంపియన్ దాటింది, ఊరుగాం దాటింది. కిటికీలో, బంగారం తీశాక పారబోసిన సయనైడు మట్టి దిబ్బలు తెల్లగా పోతున్నాయి. నేను అరవడానికి నోరు తెరిస్తే ఏంజెలిన్ నా తొడ గిల్లింది. తర్వాత నాయన వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"నాయనా, గనిలోకి దిగేటప్పుడు మనిషికొక నంబరు బిళ్ళ ఇచ్చేవాళ్ళు కదా."

"ఊ. అది బోర్డు మీద లేదంటే మనిషి కింద ఉండాడని."

"బిళ్ళ తీసుకోని దిగినోళ్ళంతా పని చేస్తా ఉండిరా?"

నాయనకి ఎక్కడో నవ్వొచ్చింది. "యాడ. పాత తవ్వకాల్లో దీపం ఆర్పి పండుకునేటోళ్ళు చానామంది. మాతోనే ఉండె ఒకడు, షిఫ్టంతా నిద్రే."

"పైన ఉండే క్యాప్టెన్ బిళ్ళలు లెక్కబెట్టి, ఇంతమంది పని చేసినారు, ఇంత రాయి నా వల్ల పైకి వచ్చింది అని చెప్పుకుంటే?"

"చెప్పుకునేటోళ్ళే."

"నిజమెట్లా తెలుస్తాది?"

"ఆ మనిషి రాని రోజు చూడాల. రాయి తగ్గితే వాడు పని చేసినోడు."

"నేను చేసింది అదే నాయనా. ఈగ గుడ్డులో ఆ ప్రొటీన్ ఉండేది వేల చోట్ల. పని చేసేది కొన్ని చోట్లే. దాన్ని తీసేసి చూసినాను. సారు బిళ్ళలే లెక్కబెట్టినాడు. నేను కాదన్నాను. కోపం అందుకు. నీ పళ్ళకి కాదు."

నాయన బుట్ట వైపు చూశాడు.

"నువ్వు ఈ పొద్దు పోయి తప్పు నాది అన్నావంటే ఆయన మాట నిజమైపోతాది. నేను ఇన్నేళ్ళు చేసింది అబద్ధమైపోతాది. నువ్వే సాక్ష్యం చెప్పినట్టు."

బంగారుపేటలో రైలు ఆగితే ఆయన బుట్టెత్తుకుని దిగిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. సాయంత్రం మేము వచ్చేసరికి బుట్ట ఇంట్లోనే ఉంది, తువ్వాలు కప్పినట్టే ఉంది. కాయలు ఎవరూ ముట్టుకోలేదు. మగ్గి, నీరు కారి, చివరికి నేనే తీసుకుపోయి ఆవులకి వేశాను.

ఏంజెలిన్ ఆ వాక్యం రాయలేదు. సారు సంతకం పెట్టలేదు. గొడవ లేదు, కేకలు లేవు, ఆమె వెళ్ళి తలుపు తట్టినప్పుడల్లా ఆయన మీటింగులో ఉన్నాడు. స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. ఈగల సీసాలు ఇంకో అమ్మాయికి అప్పగించి ఆమె ఇంటికొచ్చేసింది. ఆండర్సన్‌పేటలో ఒక బళ్ళో సైన్సు టీచరుగా చేరింది. కొళాయి దగ్గర మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి. ఈగలు తోలడం కూడా చేతకాక వచ్చేసిందని. ఒకామె బిందె నేను కాలితో తన్నాను. నీళ్ళతో సహా.

ఏంజెలిన్‌కి కోపం రాదా అని అడుగుతారేమో. వచ్చేది. ఆమె కోపం నాలాంటిది కాదు. ఇంట్లో అరటిపండు మగ్గితే ఈగలు ముసురుతాయి కదా, వాటిని తోలేది కాదు, చంపేది కాదు. సాయంత్రం దీపం దగ్గరికి ఒక దాన్ని పట్టుకొచ్చి భూతద్దంలో చూస్తూ ఉండేది, చాలాసేపు. ఒకసారి ఏం చూస్తున్నావని అడిగాను. "ఎర్రకళ్ళు" అంది. ఆ మాట అన్న తీరుకి నేను మళ్ళీ అడగలేదు. నేను పళ్ళాలు విసిరి పడుకుంటే నిద్ర పడుతుంది. ఆమెకి నిద్ర పట్టేది కాదు.

మరుసటి ఏడు మే నెల. ఆదివారం, చర్చి నుంచి నేను ముందుగా వచ్చాను. ఏంజెలిన్ బడిపిల్లల్ని వెంటేసుకుని ఇంకా రాలేదు. నాయన తోట నుంచి ఆ పొద్దునే తొలికాయల బుట్ట తెచ్చి ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. క్యాప్టెన్ లేడు, సారు లేడు, ఆ బుట్ట ఎవరికి ఇవ్వాలో తెలియక దాన్నే చూస్తున్నట్టు ఉన్నాడు. ఆయన ఫోను మోగింది. ఏంజెలిన్ ఫోనులో సారు నంబరు నేనే ఆపేసి పెట్టాను, అందుకని ఆయన నాయన నంబరు పట్టుకున్నాడు. నాయన చెవి మందం వల్ల స్పీకరు పెట్టుకుంటాడు. ప్రతి మాటా నాకు వినిపించింది.

సారు ఎంత తీయగా మాట్లాడాడో. బాగున్నారా అన్నాడు, ఆరోగ్యం ఎలా ఉందన్నాడు. తర్వాత అసలు సంగతి. ఆయన రాసిన పేపరు వెనక్కొచ్చింది. అచ్చు వేసేవాళ్ళు అడిగారట, ఈ ప్రొటీన్ కూర్చున్న చోటల్లా పని చేస్తుందని ఎలా అంటారు, పల్చగా కూర్చున్నవాటి సంగతి తేల్చండి అని. ఇంకోచోట వేరే ఈగల ప్రొటీన్ మీద ఏంజెలిన్ చెప్పినట్టే తేలిందట. సారు ల్యాబులోనే కొత్తమ్మాయి మళ్ళీ చేసి చూసినా అదే వచ్చింది. ఏంజెలిన్ లెక్కలు కావాలి. ఆమె రావాలి. డిగ్రీ ఇప్పించే పూచీ ఆయనది. తప్పైందన్న మాట ఒక్కటి రాలేదు. తన నోటితో కల్తీ అన్నాడు కదా, ఆ ఊసు కూడా లేదు.

మా నాయన క్యాప్టెన్‌తో మాట్లాడేటప్పుడు కూర్చోడు. ఫోనులో అయినా లేచి నిలబడతాడు. గని ఆఫీసు నుంచి పెన్షను గుమాస్తా చేసినా లేస్తాడు. నేను ఆయన మోకాళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ఆయన లేవలేదు.

"మా బిడ్డ ఇంగా రాలేదు సార్. వచ్చినాక చెప్తాను," అన్నాడు. "కానీ మీరు ఆ కమిటీ సార్లకి ఒక మాట రాయాల. పళ్ళకీ ఆ లెక్కకీ సంబంధం లేదని. అది వస్తే ఆయమ్మ వస్తాది. లేదంటే రాదు."

సారు రాస్తానన్నాడు. రాశాడు కూడా. జూన్‌లో ఏంజెలిన్ మళ్ళీ రైలెక్కింది, తన లెక్కంతా తన పేరుతో రాసుకుంది, పల్చని చోట్లు, గట్టి చోట్లు అన్నీ. ఇప్పుడు ఆమె పేరు ముందు డాక్టరు ఉంది. అలాగని నా కోపం తగ్గిందనుకోకండి, ఆమె పోగొట్టుకున్న ఏడాది ఎవరూ వాపసు ఇవ్వలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ ఫోను చివర జరిగింది. పని అయిపోయిందనుకుని సారు గొంతు తేలికపడింది. చనువుగా నవ్వాడు.

"సీజను కదండీ. ఈసారి మీ బాదామి పళ్ళు పంపరా? ఆ రుచి నేను మరిచిపోలేదు."

నాయన తన ముందున్న బుట్ట వైపు చూశాడు. తువ్వాలు తీశాడు. పైనున్న ఒక పండు చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ముచ్చిక దగ్గర కొరికి, తొక్క ఉమ్మేసి, నిదానంగా చెప్పాడు.

"కాయలు అయిపోయినాయి సార్."